ఇంటర్వ్యూలో కంపెనీకి కూడా మార్కులు వేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలి, రెజ్యూమెలో ఏం రాయాలి, అడిగినదానికి ఎలా జవాబు చెప్పాలి అని పత్రికల ఉద్యోగాల పేజీల్లో తరచూ చదువుతుంటాం. అవన్నీ అవసరమే. కానీ బల్లకు అవతల కూర్చున్న కంపెనీ ఎలాంటిదో అదే ఇంటర్వ్యూలో ఎలా పసిగట్టాలో రాసేవాళ్లు తక్కువ. సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి అలవాట్లేమిటి, అప్పులున్నాయా అని రెండు ఊళ్లు తిరిగి వాకబు చేసే మనవాళ్లు, అదే అబ్బాయి రోజుకు పది గంటలు గడపబోయే కంపెనీ విషయానికొస్తే ‘ప్యాకేజీ ఎంత?’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలనీ, అప్పుచేసి వాళ్లని చదివించిన తల్లిదండ్రులనీ దృష్టిలో పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి ఎక్కువైనా కుదించకుండా వేయమని మనవి.

ముందుగా ఒక మాట. పిలుపు వచ్చిన రోజు నుంచి చేరే రోజు దాకా ఉండే నాలుగైదు వారాలు కంపెనీ మీతో అన్నిటికన్నా మర్యాదగా ఉండే కాలం. అప్పటికి మీ అవసరం దానికుంది, మీరింకా దాని చేతిలో పడలేదు. అప్పుడే మాట మార్చేవాళ్లు, చేరాక నిలకడగా ఉంటారని నమ్మడానికి కారణమేమీ లేదు. పైగా ఈ వారాల్లో మీతో మాట్లాడే హెచ్‌ఆర్, మీ టెస్టు దిద్దే టీమ్ లీడ్, జీతం బేరం చేసే మేనేజరు, రేపు మీ సెలవులూ ఇంక్రిమెంట్లూ తేల్చేది కూడా దాదాపు వీళ్లే. కాబట్టి ఈ రోజుల్లో జరిగే ప్రతి చిన్న పనీ కంపెనీ గురించి ఏదో ఒకటి చెబుతుంది. దాన్ని చదవడం నేర్చుకోవాలి.

మొదటి ఫోన్ కాల్ దగ్గరే మొదలుపెట్టాలి. ఎక్కువసార్లు అది కంపెనీ నుంచి రాదు, కన్సల్టెన్సీ నుంచి వస్తుంది. ఏ కంపెనీకి, ఎవరి పేరోల్ మీద (అంటే జీతం ఇచ్చేదెవరు), ఏం పని అన్న మూడూ అప్పుడే అడగాలి. క్లయింటు పేరు, అంటే మనిషి కావాల్సిన కంపెనీ పేరు, మొదటి కాల్‌లో చెప్పకపోవడం మామూలే. ఇంటర్వ్యూ తేదీ ఇచ్చాక కూడా చెప్పకపోతే మాత్రం అక్కడితో ఆగిపోవడం మంచిది. ‘సీ టూ హెచ్’ అన్నారంటే కొంతకాలం కాంట్రాక్టు, తర్వాత పర్మినెంటు అని అర్థం. జీతం, పీఎఫ్ ఇచ్చేది మధ్యలో ఉండి మనుషుల్ని సరఫరా చేసే వెండర్. మీరు కూర్చునేది పెద్ద కంపెనీ అద్దాల బిల్డింగ్‌లోనే అయినా మీ యజమాని ఆ వెండరే. కాబట్టి విచారించాల్సింది పెద్ద కంపెనీ గురించి కాదు, వెండర్ గురించి. ‘ఆరు నెలల్లో పర్మినెంట్ చేస్తారు’ అన్న మాట ఆఫర్ లెటర్‌లో లేకపోతే అది లేనట్టే. నిరుడు ఇలా తీసుకున్నవాళ్లలో ఎంతమందిని క్లయింటు తన పేరోల్ మీదకి తీసుకుందో అడగండి. పని నిజాయితీగా నడిపేవాళ్ల దగ్గర ఈ అంకె ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఛార్జీలు, ల్యాప్‌టాప్ డిపాజిట్, వెరిఫికేషన్ ఖర్చు, ఏ పేరుతో అడిగినా సరే, ఒక్క రూపాయి కూడా కట్టకూడదు. నిజంగా మనిషి కావాల్సిన కంపెనీయే కన్సల్టెన్సీకి డబ్బిస్తుంది. చాలా ఒప్పందాల్లో అది అభ్యర్థి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అక్కడ రావాల్సిన డబ్బు మీ దగ్గర అడుగుతున్నారంటే, అక్కడ కంపెనీయే లేదన్నమాట. పొరపాటున కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ డబ్బు ఖాతాలు మారిపోయేలోపు ఆపగలిగే అవకాశం మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ.

అమీర్‌పేట వైపు వినిపించే ‘బ్యాక్‌డోర్’ మాట కూడా ఇక్కడే చెప్పాలి. లేని కంపెనీ పేరుతో మూడేళ్ల అనుభవం, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ తయారుచేసి ఇస్తామంటారు. ఆ కాగితాలు ఇంటర్వ్యూ దాటిస్తాయేమో గానీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దాటించలేవు. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) కింద ఏ సంస్థ ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టిందో, పీఎఫ్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌వో రికార్డులో ఉంటుంది. జీతంలో పన్ను కోత జరిగితే ఆదాయపు పన్ను శాఖ రికార్డైన ఫారం 26ఏఎస్‌లో ఆ యజమాని పేరు కనిపిస్తుంది. మూడేళ్ల అనుభవానికి ఈ రెండుచోట్లా ఒక్క వరుస కూడా లేకపోతే వెరిఫికేషన్ ఏజెన్సీకి ఇంకో ఆధారం అక్కర్లేదు. చేరిన రెండో నెలలోనో మూడో నెలలోనో తీసేస్తారు, ఆ మచ్చ తర్వాతి ఉద్యోగాల దాకా వెంట వస్తుంది. కట్టిన లక్షలు ఎలాగూ రావు.

కంపెనీ అసలు ఉందా, ఉంటే ఎలా ఉందన్నది ఇంట్లో కూర్చుని అరగంటలో చూసుకోవచ్చు. కంపెనీల చట్టం ప్రకారం ప్రతి కంపెనీ లెటర్‌హెడ్ మీద పేరు, రిజిస్టర్డ్ చిరునామాతో పాటు సీఐఎన్, అంటే కంపెనీ గుర్తింపు నంబరు, ముద్రించాలి. అది 21 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు. మొదటి అక్షరం ‘ఎల్’ అయితే స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన కంపెనీ, ‘యూ’ అయితే కానిది. ఆ తర్వాత ఐదంకెలు వ్యాపారం రకం, రెండక్షరాలు రాష్ట్రం, నాలుగంకెలు నమోదైన సంవత్సరం, మూడక్షరాలు ప్రైవేటా పబ్లిక్కా అన్నది, చివరి ఆరు రిజిస్ట్రేషన్ నంబరు. పదిహేనేళ్లుగా నడుస్తున్నామని చెప్పిన కంపెనీ నంబరు మధ్యలో 2024 అని ఉంటే ఎందుకో అడగాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ నంబరుతో వెతికితే కంపెనీ ‘యాక్టివ్’గా ఉందో, ‘స్ట్రైక్ ఆఫ్’ అయి రిజిస్టరు నుంచి పేరు కొట్టేశారో, చివరిసారి బ్యాలెన్స్‌షీట్ ఏ ఏడాదికి ఇచ్చిందో కనిపిస్తుంది.

దానికన్నా విలువైనది ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. ఈపీఎఫ్‌వో వెబ్‌సైట్‌లో ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్’ ఉంటుంది. లాగిన్ అక్కర్లేదు. కంపెనీ పేరు, పక్కన చూపించే క్యాప్చా కొడితే ఆ పేరుతో ఉన్న సంస్థలన్నీ వస్తాయి; చిరునామా చూసి మనక్కావాల్సినది ఎంచుకోవాలి. అందులో చెల్లింపుల వివరాలు తెరిస్తే వరుసలు వరుసలుగా కనిపిస్తుంది: ఏ నెల జీతానికి, ఏ తేదీన, ఎంత మొత్తం, ఎంతమంది ఉద్యోగులకు పీఎఫ్ కట్టారన్నది. ఒక నెల పీఎఫ్ తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. వరుసగా 12, 13, 14 తేదీలు కనిపిస్తే ఆ ఇంట్లో లెక్క సరిగ్గా ఉన్నట్టు. మార్చిది జూన్‌లో కట్టి, ఏప్రిల్‌దీ మేదీ కలిపి ఆగస్టులో ఒకే రోజున కట్టి ఉంటే డబ్బుకు కటకటగా ఉన్నట్టు; అలాంటిచోట జీతం కూడా ఒకటో తేదీన పడుతుందనుకోవద్దు. ఉద్యోగుల సంఖ్య 180 నుంచి 150కి, 150 నుంచి 96కి దిగుతుంటే, ‘విస్తరిస్తున్నాం, అందుకే తీసుకుంటున్నాం’ అన్న మాటతో దాన్ని పోల్చి చూసుకోవాలి.

ఇందులో తొందరపడి తప్పుపట్టకూడని సంగతులూ ఉన్నాయి. పీఎఫ్ చట్టం 20 మంది, అంతకుమించి ఉన్న సంస్థలకు వర్తిస్తుంది, కాబట్టి పదిమంది ఉన్న స్టార్టప్ పేరు అక్కడ కనిపించకపోవచ్చు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ల పీఎఫ్ వెండర్ పేరుతో పడుతుంది. ‘మూడు వందల మంది’ అన్నచోట 240 కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. 41 కనిపిస్తే మాత్రం ఇంటర్వ్యూలో ఆ మాట ఎత్తాలి.

ఇప్పుడు ఇంటర్వ్యూ. ఆలస్యం ఎక్కడైనా జరుగుతుంది. పదకొండు గంటల ఇంటర్వ్యూ పన్నెండున్నరకి మొదలైందన్నది పెద్ద విషయం కాదు. ఆ గంటన్నరలో ఎవరైనా వచ్చి చెప్పారా, మెసేజ్ పెట్టారా అన్నదే చూడాల్సింది. వాక్ ఇన్ పేరుతో వందల మందిని గేటు బయట ఎండలో నిలబెట్టి, సాయంత్రం ‘రెజ్యూమె పడేసి వెళ్లండి’ అన్నారంటే అక్కడ ఆ రోజు ఉద్యోగాలు లేకపోయి ఉండొచ్చు. దీనికి ఒక కారణముంది. క్లయింటు నుంచి ప్రాజెక్టు ఇంకా ఖరారు కాకముందే ‘మా దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారు’ అని చూపించడానికి కొన్ని సర్వీసు కంపెనీలు రెజ్యూమెలు పోగుచేస్తాయి. ప్రాజెక్టు వస్తే పిలుస్తారు, రాకపోతే ‘ప్రొఫైల్ హోల్డ్‌లో ఉంది’ అంటారు. అన్ని రౌండ్లూ బాగా జరిగి ఆ తర్వాత నెల రోజులు చడీచప్పుడూ లేకపోవడానికి ఇదొక కారణం. మొదట ఎంపికైన మనిషి నోటీసు పీరియడ్ ముగించుకుని చేరేదాకా రెండో మనిషిని చెప్పీచెప్పక ఆపి ఉంచడం ఇంకో కారణం. ఆఫర్ తీసుకుని చేరకుండా పోయేవాళ్లు కూడా ఎక్కువే కాబట్టి ఇందులో కంపెనీల ఇబ్బందిని కొట్టిపారేయలేం. అయినా ‘మీరు రెండో స్థానంలో ఉన్నారు, ఫలానా తేదీకి చెబుతాం’ అని ఒక్క మెయిల్ పెట్టడానికి ఖర్చేమీ లేదు. పెట్టే కంపెనీలు ఉన్నాయి. అలాంటివాటిని గుర్తుపెట్టుకోవాలి.

ఇంటర్వ్యూ చేసే మనిషి మీ రెజ్యూమె చదివి వచ్చాడా, లేక మీ ముందే మొదటిసారి తిప్పుతున్నాడా చూడండి. అడిగే ప్రశ్నలు చేయబోయే పనికి సంబంధించినవేనా చూడండి. జావా డెవలపర్ అని పిలిచి మూడో రౌండుకల్లా రాత్రి షిఫ్టులు, కస్టమర్ల ఫిర్యాదుల టికెట్లు, కాల్స్ గురించే మాట్లాడుతున్నారంటే ఉద్యోగం మారిపోయిందని అర్థం. అది నోటితో అడిగి తేల్చుకోవాలి. ఇంట్లో చేసి తెమ్మని ఇచ్చే అసైన్‌మెంటు రెండు మూడు గంటల్లో అయ్యేదైతే సబబే. వారం పట్టేదీ, వాళ్ల క్లయింటు లోగోతో సహా ఉన్నదీ అయితే అది పరీక్ష కాదు, కూలి ఇవ్వని పని. ‘దీన్ని ఎవరు దిద్దుతారు, నాకు తప్పొప్పులు చెబుతారా’ అని ముందే అడగొచ్చు.

ఆడపిల్లల్ని పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని అడిగే చోట ఆ ఆలోచన ఇంటర్వ్యూతో ఆగదు, ప్రమోషన్ల దాకా పోతుంది. రాత్రి షిఫ్టు ఉంటే క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందా, ఎస్కార్టు ఉంటాడా అని విడమరిచి అడగాలి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. ఆ కమిటీకి అధ్యక్షురాలు ఎవరని అడిగితే హెచ్‌ఆర్ పేరు చెప్పగలగాలి. ‘చూసి చెబుతాను’ అంటే ఆ కమిటీ కాగితం మీదే ఉందన్నమాట.

ఆఖర్లో ‘మీకేమైనా ప్రశ్నలున్నాయా?’ అంటారు. మన పిల్లల్లో చాలామంది ‘లేవు సార్’ అని లేచిపోతారు. ఇది పోగొట్టుకోకూడని చోటు. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ఇంతకుముందు చేసినవాళ్లు ఎక్కడికి వెళ్లారు, మొదటి మూడు నెలల్లో ఏం చేస్తే బాగా చేసినట్టు, అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే ఫోన్ ఎవరికొస్తుంది, రేపు నా పైన ఉండబోయే లీడ్‌తో పది నిమిషాలు మాట్లాడొచ్చా. ఇవి అడిగితే పొగరనుకుంటారని భయపడొద్దు. పని తెలిసిన మేనేజరు వీటికి సూటిగా చెబుతాడు: ‘ఇద్దరు మానేశారు, ఒకరు పైచదువుకి, ఒకరు జీతం చాలక. వారంలో ఒక రాత్రి ఆన్‌కాల్ ఉంటుంది, మర్నాడు ఆలస్యంగా రావచ్చు.’ ఇలాంటి జవాబులో కష్టం ఉన్నా నమ్మొచ్చు. ‘మాదంతా ఒకే కుటుంబం, టైము చూసుకుని పనిచేసేవాళ్లం కాదు’ అన్న జవాబులో మీరడిగినదేదీ లేదు. వెళ్లిపోయిన ఉద్యోగిని మీ ముందు తిట్టిపోసే మేనేజరు, మీరు వెళ్లిపోయాక మీ గురించి ఏం చెబుతాడో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

జీతం మాటకొస్తే, సీటీసీ (మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అన్న అంకెను పన్నెండుతో భాగించి ఇంటికి ఫోన్ చేసేయకండి. ఏడాదికి 6 లక్షలు అన్నారనుకుందాం. బేసిక్ సగం, అంటే 3 లక్షలు, నెలకు 25,000. కంపెనీ వాటా పీఎఫ్ 15,000 పరిమితి మీద కడితే నెలకు 1,800, ఏడాదికి 21,600. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, అంటే 14,430. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ సీటీసీలో పది శాతం, 60,000. ఆరోగ్య బీమా 12,000 అని రాశారనుకుందాం. ఇవన్నీ కలిపి 1,08,030. ఇవి సీటీసీలో ఉంటాయి, నెలనెలా చేతికి రావు. మిగిలిన 4,91,970ని పన్నెండుతో భాగిస్తే 40,997. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 39,000 లోపు. యాభై వేలనుకున్నది ముప్పై తొమ్మిది అయింది. ఇందులో మోసం లేదు, అన్ని కంపెనీల లెక్కా కొంచెం అటూఇటుగా ఇదే. మోసం ఎక్కడంటే, ఈ లెక్క అడిగినప్పుడు ఇవ్వకపోవడంలో. జీతం విడివిడిగా చూపే కాగితాన్ని ‘చేరాక ఇస్తాం’ అన్నచోట వేరియబుల్ పది శాతం కాక ముప్పై శాతం ఉండొచ్చు, కంపెనీ వాటా పీఎఫ్ కూడా మీ జీతంలోంచే కోస్తుండొచ్చు. వేరియబుల్ గురించి ఇంకో ప్రశ్న కూడా ఉంది: గత రెండేళ్లలో ఎంత శాతం ఇచ్చారు? జాయినింగ్ బోనస్ ఇస్తామంటే, ఎన్ని నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలో అడగాలి. గ్రాట్యుటీ సీటీసీలో చూపించినా, పర్మినెంటు ఉద్యోగికి అది ఐదేళ్లు నిండితేనే వస్తుందని మరిచిపోవద్దు.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక అది ఏ కాగితమో ముందు చూడాలి. ‘లెటర్ ఆఫ్ ఇంటెంట్’ అంటే తీసుకునే ఉద్దేశం ఉందని చెప్పడమే, ఉద్యోగం కాదు. క్యాంపస్‌లో ఇచ్చేవి చాలావరకు ఇవే. అసలు ఆఫర్ లెటర్లు చేతిలో ఉండి కూడా 2022 బ్యాచ్ పిల్లలు పెద్ద పెద్ద కంపెనీల పిలుపు కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారన్నది అందరికీ గుర్తుండే ఉంటుంది. చేరే తేదీ, ఊరు, హోదా, జీతం వివరం లేని కాగితాన్ని నమ్ముకుని ఇంకో అవకాశం వదులుకోకూడదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. ‘ముందు చేరండి, లెటర్ నెల తర్వాత’ అన్న మాటకు ఇప్పుడు చోటే లేదు.

నోటీసు పీరియడ్ రెండు వైపులా చదవండి. మీరు మానాలంటే 90 రోజులు, వాళ్లు తీసేయాలంటే 15 రోజులు అని రాసుకున్న కంపెనీ తూకం ఎటు మొగ్గిందో చెప్పనే చెప్పింది. ‘కంపెనీ ఇష్టానుసారం ఏ షిఫ్టుకైనా, ఏ ఊరికైనా, ఏ పనికైనా’ అన్న వాక్యం దాదాపు ప్రతి లెటర్‌లోనూ ఉంటుంది; దాన్ని ఎలా వాడతారో ఇప్పటికే అక్కడ పనిచేస్తున్నవాళ్లని అడిగితేనే తెలుస్తుంది. లింక్డ్‌ఇన్‌లో ఆ టీమ్‌లోని వాళ్లని వెతికి ఎవరెవరు రెండేళ్లు దాటారో లెక్కపెట్టండి. ఉద్యోగులు తమ కంపెనీల గురించి రాసే ఆంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్ వెబ్‌సైట్లలో స్టార్లు చూడొద్దు. ఒకే వారంలో వరుసగా పడ్డ ఐదు స్టార్ల పొగడ్తలు వదిలేసి, వేర్వేరు ఏళ్లలో వేర్వేరు మనుషులు రాసిన ఒకే ఫిర్యాదు ఏదైనా ఉందా చూడండి. ‘ఫైనల్ సెటిల్‌మెంట్ ఇవ్వరు’ అన్నది మూడేళ్లుగా కనిపిస్తుంటే అది నిజమే అయి ఉంటుంది.

ఇన్నాళ్లు పనిచేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత కడతాను అని రాయించుకునే బాండు గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు. ఎందుకంటే పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. చేరే రోజు ఉదయం, పాతిక మంది వరుసలో ఉండగా, వంద రూపాయల స్టాంపు పేపరు ముందు పెడతారు. మొత్తం రాయాల్సిన చోట ఖాళీ ఉంటుంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు, కింద ష్యూరిటీగా తండ్రి పేరు రాయడానికి ఒక గీత. చదవడానికి ఐదు నిమిషాలు కూడా ఇవ్వరు. ఖాళీ ఉన్న కాగితం మీద సంతకం ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు. బాండు ఉందని ఇంటర్వ్యూలో చెప్పకుండా చేరే రోజున బయటపెట్టడమే ఒక తీర్పు. ఆ కంపెనీ మీకు అసలు సంగతులు ఎప్పుడు చెబుతుందో దాంతో తెలిసింది.

‘బాండు కోర్టులో చెల్లదు, భయపడకు’ అని సీనియర్లు చెప్పే మాట పూర్తిగా నిజం కాదు. ఉద్యోగం మానేశాక ఫలానా కంపెనీలో చేరకూడదన్న నిబంధన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం నిలబడదు. కానీ ఉద్యోగంలో ఉండగా ఇన్నాళ్లు పనిచేయాలన్న షరతు వేరు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. బహిరంగ ప్రకటన, పోటీ పద్ధతిలో మనుషుల్ని తీసుకోవడానికి బ్యాంకుకయ్యే ఖర్చునూ, ఆ అధికారి జీతంతో పోలిస్తే ఆ మొత్తం మోయలేనిది కాకపోవడాన్నీ కోర్టు లెక్కలోకి తీసుకుంది. అంటే నెలకు 18,000 జీతం, రెండు వారాల క్లాసులు ఇచ్చి 5 లక్షల బాండు రాయించుకున్న కంపెనీకి అదే తీర్పు అచ్చంగా అతుకుతుందని కాదు. అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం దక్కేది సబబైన నష్టపరిహారమే, కాగితంలో రాసిన మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. కాబట్టి అడగాల్సినవి: ఎన్ని నెలలు, ఎంత, ఏ శిక్షణకు, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా, కంపెనీయే తీసేస్తే కట్టాలా? ముసాయిదా కాపీ మూడు రోజుల ముందు మెయిల్ చేయమనండి. ఇస్తే చదువుకోండి, ఇవ్వకపోతే మానుకోండి. సంతకం చేసిన ఖాళీ చెక్కులు అసలే ఇవ్వొద్దు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో మొహమాటం పనికిరాదు. టెన్త్ మెమో నుంచి ప్రొవిజనల్ దాకా ఫైలు తీసుకెళ్లొచ్చు, చూపించొచ్చు, జిరాక్సులు ఇవ్వొచ్చు, అదే రోజు అదే చేత్తో వెనక్కి తెచ్చుకోవాలి. వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోనక్కర్లేదు. యూనివర్సిటీకి రాసి కనుక్కుంటారు, డిజీలాకర్‌లో ఉన్నవి అక్కడే సరిచూస్తారు. ‘సేఫ్ కస్టడీ’ పేరుతో బీరువాలో పెట్టుకునే కంపెనీ దాస్తున్నది సర్టిఫికెట్లని కాదు, మీరు మానేసే దారిని.

అనుభవమున్నవాళ్లు తప్పు చేసేది రాజీనామా దగ్గర. ఫోన్‌లో ‘మీరు సెలెక్ట్, పేపర్లు వేసేయండి’ అంటారు. సంతకంతో ఉన్న ఆఫర్ మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చేదాకా రాజీనామా పెట్టకూడదు. ‘24 గంటల్లో చెప్పకపోతే ఆఫర్ రద్దు’ అని తొందరపెట్టేవాళ్లని రెండు రోజులు అడిగి చూడండి. మీ పని మీద నమ్మకంతో తీసుకున్నవాళ్లు రెండు రోజులకు వెనక్కిపోరు. ఇక ‘నోటీసు పీరియడ్ ఎందుకు, చెప్పకుండా వచ్చేయండి, రిలీవింగ్ లెటర్ మేం అడగం’ అన్న కంపెనీ ఉంది చూశారూ, అది ఒప్పందాన్ని ఎలా చూస్తుందో తన నోటితోనే చెప్పింది. మీతో చేసుకునే ఒప్పందం కూడా దాని దృష్టిలో అంతే.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్ల గురించి నాలుగు మాటలు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమల్లో ఈ ఉత్తరం చదివేవాళ్లకు సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే ముఖ్యం కావచ్చు. ఏజెంటు లైసెన్సు నంబరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. ఇక్కడి ఉద్యోగాల్లా కాకుండా, ఇందులో రిజిస్టరైన ఏజెంటు సర్వీసు ఛార్జీ తీసుకోవచ్చు, అదీ 30,000 రూపాయల దాకానే, దానిపై జీఎస్టీ, రసీదు ఇవ్వాలి. వీసా విజిట్‌దా ఉద్యోగానిదా, వీసా మీద రాసిన పని ఒప్పందంలో ఉన్న పనేనా చూసుకోవాలి. ‘విజిట్ మీద వెళ్లండి, అక్కడ మార్పిస్తాం’ అంటే విమానం ఎక్కొద్దు. ఆ ఒక్క మాటతో బీమా, రాయబార కార్యాలయం రికార్డు, జీతం అడగడానికి ఆధారం అన్నీ ఒకేసారి పోతాయి.

ఇంతా పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్‌కి ఇందులో పెద్ద బాధ్యత ఉంది. చాలా కాలేజీల్లో ఒక విద్యార్థికి ఒకే ఆఫర్ అన్న నియమం ఉంది. సీటు ఇంకొకరికి దక్కాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మొదట వచ్చిన కంపెనీ ఎలాంటిదైనా, అందులో ఎంపికైతే తర్వాతి డ్రైవ్‌కి కూర్చోనివ్వకపోతే, బేరీజు వేసే అవకాశమే పిల్లవాడికి లేదు. కనీసం ఆఫర్ లెటర్, జీతం వివరం రెండూ చేతికొచ్చేదాకా ఆ నియమం వర్తించకూడదు. క్యాంపస్‌కి వచ్చే ప్రతి కంపెనీ నుంచి నాలుగు సంగతులు ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి: సీఐఎన్, నెలకు చేతికొచ్చే జీతం, బాండు ఉంటే దాని పూర్తి పాఠం, నిరుడు ఇదే కాలేజీలో ఇచ్చిన ఆఫర్లలో ఎంతమందిని ఏ నెలలో చేర్చుకున్నారన్నది. డ్రైవ్‌కి వారం ముందు ఆ కాగితాన్ని నోటీసు బోర్డు మీద పెట్టాలి. వీటిని ఇవ్వబోమన్న కంపెనీ ఏదైనా ఉంటే, దాని పేరు కూడా అదే బోర్డు మీద, అదే సైజు అక్షరాలతో రాసి పెట్టాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత హెచ్‌ఆర్ అధికారి,
కూకట్‌పల్లి, హైదరాబాద్